పిల్లలే పోగులైన లుంగీ

కొత్త లుంగీ మడత విప్పగానే వచ్చే గంజి వాసన నాకు బడి వాసన. మొన్న ఆదివారం వేలూరు పక్క తొరపాడిలో మా ఇంట్లో అల్లుడు గుడియాత్తం నుంచి తెచ్చుకున్న లుంగీని దులిపాడు. నా చెయ్యి దానంతటదే అంచు దగ్గరికి పోయింది. రెండు ఎరుపు, ఒక తెలుపు, మళ్ళీ రెండు ఎరుపు, ఒక నీలం. చారలన్నీ వరుస తప్పలేదని తేల్చుకున్నాకే వదిలాను. "కొన్నది నేను, లెక్క చూసేది నువ్వా అత్తా?" అని అతను నవ్వాడు. ఆ లెక్క నాకు అలవాటు చేసిన మనిషిని అతను ఎరగడు. ఆమె మునిరత్నమ్మ. గుడియాత్తంలో మగ్గాల వీధి చివర ఒక చిన్న బడిలో యూకేజీ పిల్లల టీచరు. నేను ఆమె కింద పనిచేశాను. తెలుగు ధారాళంగా మాట్లాడేది గాని అక్షరాలు చదవడం రాదు, ఆమె చదువంతా తమిళంలోనే. ఈ రాత తన కళ్ళబడినా నన్నే చదివి వినిపించమనేది.

చాలా ఏళ్ళ కిందట, జూన్ రెండో సోమవారం వేలూరు బస్సు దిగి ఆ బడిలో చేరాను. గణితంలో డిగ్రీ చేతికొచ్చిన కొత్త. ఏ నెలలో ఏ అంకె దాకా నేర్పాలో ముందే గీసుకుని వెళ్ళాను. తరగతిలో చూస్తే పలకలు గూట్లో ఉన్నాయి, నేలంతా చింతగింజలు. ఒక పిల్లవాడు గుండ్రంగా కూర్చున్నవాళ్ళ ముందు గింజలు పెడుతూ "ఒకటి, రెండు, మూడు, ఐదు" అంటున్నాడు. "నాలుగు" అన్నాను. వాడు మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తప్పాడు. మళ్ళీ నోరు తెరిచాను. మునిరత్నమ్మ నా కొంగు పట్టి లాగింది. "ఇంత లెక్కలు చదివి వచ్చినావు గదమ్మా, కొంచేపు ఊరకుండే లెక్క చెప్పలేదా మీ కాలేజీలో?" అంది. అంతలో గింజ పెట్టకుండా వాడు దాటేసిన నాలుగో పిల్ల "నాకేదిరా?" అని అరిచింది. వాడు వెనక్కి వచ్చి ఆ పిల్ల ముందు గింజ పెట్టి, నాలుగు అని తనకు తానే చెప్పుకున్నాడు. "చూస్తివా? బిడ్డ తప్పు బిడ్డకు కనపడే దాకా మనకు కనపడగూడదు" అంది ఆమె. నాకు అది సోమరితనంలాగే తోచింది.

ఆమె ఆటల్లో పెద్దది మనుషుల మగ్గం. పిల్లల్లో చాలామంది నేతగాళ్ళ బిడ్డలు. అంకెలకన్నా ముందే గళ్ళు చూసినవాళ్ళు. ఇంటి నుంచి లుంగీ తెచ్చుకుని, చారల వరుస పైకి చదివి, ఆ రంగుల కాగితాలు మెడలో వేసుకుని పడుగు పోగుల్లా నిలబడేవారు. మిగిలినవాళ్ళలో ఒకరు దారపుండ పట్టుకుని పేకలాగా, ఒకరి ముందు నుంచి, ఇంకొకరి వెనక నుంచి పరుగెత్తాలి. కూడిక, వరుస, కుడి ఎడమ, అన్నీ ఆ పరుగులోనే వచ్చేవి.

దేవకి ఎప్పుడూ పేకే. పరుగెత్తేది గాని నోరు విప్పేది కాదు. జూన్‌లో చేరిన పిల్ల గొంతు ఎట్లా ఉంటుందో దీపావళి దాటినా మేమెవరమూ వినలేదు. ఒక సాయంత్రం వాళ్ళ నాయన మగ్గం మీద నుంచి నేరుగా వచ్చాడు. "ఇంట్లో ఒకటే పేచ్చు, నోరు మూసేదే లేదు టీచరమ్మా, ఈడికొస్తే మూగిది. మా యమ్మ దగ్గర ఇంట్లోనే ఉండనీ. వచ్చే సంవత్సరం చూస్తాం" అన్నాడు. మునిరత్నమ్మ బతిమాలలేదు. "శనివారం పెద్దోళ్ళందరూ వస్తారు గదా నాయనా, నువ్వూ వచ్చి చూడు. ఆమీద నీ ఇష్టం" అంది. అతను తలూపాడు. ఆ శనివారం లోపల ఒక్క పాటైనా నేర్పిద్దామని నేను దేవకి వెంట పడ్డాను. ఆ పిల్ల నా పెదవులే చూస్తూ నిలబడేది.

శనివారం వచ్చింది. బెంచీల నిండా తల్లిదండ్రులు. పిల్లలు లుంగీ వరుసలో నిలబడగానే, ఫొటో తీయడానికి వచ్చినతను పొట్టివాళ్ళను ఒక పక్కకు, పొడుగువాళ్ళను ఇంకో పక్కకు జరిపేశాడు. ఎరుపుల మధ్య నీలం చేరింది. నేను సర్దబోయాను. మునిరత్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. దేవకి దారపుండతో బయలుదేరింది, సగంలో ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. బెంచీ మీద వాళ్ళ నాయన తల దించుకున్నాడు.

"బెదిరిపోయిందక్కా, పిలుస్తాను" అన్నాను.

"ఉండమ్మా. ఆ బిడ్డ చూస్తా ఉండాది" అంది ఆమె. నా మణికట్టు మీద ఆమె చెయ్యి మాత్రం చెమట పట్టి ఉంది.

దేవకి దారపుండ కింద పెట్టింది. నీలం కాగితం వేసుకున్న పొడుగు పిల్లవాడి దగ్గరికి వెళ్ళి చొక్కా పట్టి బయటికి లాగింది. "నువ్వు యాడికొచ్చినావురా? రెండు ఎరుపు, ఒక తెలుపు, రెండు ఎరుపు, ఆమీద గదా నువ్వు! ఈ లుంగీ ఎవురు కొంటారు?"

గది గొల్లున నవ్వింది. ఆ గొంతు సన్నది కాదు, మగ్గాల చప్పుడు మీద కూడా వినపడే గొంతు. వరుస చెదిరిన నలుగురినీ చేయి పట్టి వాళ్ళ వాళ్ళ చోట నిలబెట్టి, దారపుండ తీసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. వాళ్ళ నాయన లేచి నిలబడ్డాడు. "అచ్చం మా యమ్మ మాదిరే తిడతాది" అన్నాడు, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. మునిరత్నమ్మ అతని వైపు తిరిగి, "ఏం నాయనా, సోమవారం ఎవురొస్తారు, నీ బిడ్డా, మీ యమ్మా?" అని అడిగింది. సోమవారం బెల్లు కొట్టకముందే దేవకి గేటు దగ్గర ఉంది.

తర్వాత చాలా ఏళ్ళు వేలూరులో పాఠాలు చెప్పాను. తప్పు చూడగానే నాలుక దురద పెట్టడం ఈనాటికీ తగ్గలేదు. మొన్న అల్లుడి లుంగీ మీద మనవరాలు బోర్లా పడుకుని చారలు లెక్కపెడుతోంది. ఒక తెల్ల చార దాటేసింది. నేను రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చున్నాను. అది ఇంకొంచెం ముందుకు పోయి ఆగింది. వెనక్కి చూసింది. నేను నోరు తెరుస్తానని భయం కాబోలు, "నువ్వు చెప్పొద్దవ్వా" అంటూ వేలిని మొదటి ఎరుపు మీదికి తీసుకొచ్చింది.