ఖాళీ గదిలో ఇరవై నిమిషాలు

ప్రపంచంలోని గుడ్లగూబలన్నింటికీ ఒక అధిపతిని వెతికిపెట్టిన మహాగాథ ఇది. యుద్ధాలున్నాయి, నెత్తురుంది అని చెప్పాలనుంది. లేవు. ఒక గది, ఇద్దరు అభ్యర్థులు, కాస్త గురక, అంతే. సీతాఫల్‌మండిలో మా పక్క వాటా పెద్దాయన మధ్యాహ్నం కునుకు తీస్తే గోడ అవతలి నుంచి అదే చప్పుడు వస్తుంది, నాకు అప్పటి మా యజమాని గ్రేస్ మేడమ్ గుర్తొస్తారు. ఈ పోలిక వింటే ఆవిడ నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవారు. పోయినేడాది ఆవిడే పోయారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

బొల్లారంలో ఒక పాత పెంకుటిల్లు మా ఆఫీసు. పెద్ద సంస్థలకు పెద్ద అధికారులను వెతకడం మా పని. ఇంటర్వ్యూకు ముందు ప్రతి అభ్యర్థినీ, ఫోను బయట పెట్టించి, వెనక గదిలో ఇరవై నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టడం మేడమ్ పద్ధతి. గుడ్లగూబలను కాపాడే అంతర్జాతీయ సంస్థకు సీఈఓ కావాలన్న పని వచ్చిన వారమే నేను చేరాను. నన్నూ కూర్చోబెట్టారు. పట్టపగలు, నా తల మీద, చెక్క సీలింగుకు అవతల ఎవరో నిద్రలో గురకగా ఊపిరి పీలుస్తున్నారు. నేను ఊపిరి బిగబట్టాను. అదీ ఆగింది.

"మేడమ్, పైన ఎవరో పండుకున్నరు."

"ఇంట్ల మనిద్దరమే ఉన్నం. పరేషాన్ గాకు, పోయి టైపు చెయ్."

ధైర్యవంతుణ్ణి కనక, సీలింగు పైకి దారి తీసే చూరు కింది కన్నం పూడ్చడానికి శుక్రవారం రమ్మని మేస్త్రీకి ఫోన్ చేశాను. మేడమ్‌కు చెప్పలేదు. ఇంటర్వ్యూలూ శుక్రవారమే.

మొదటి అభ్యర్థి ప్రకృతి గురించి గంభీరంగా మాట్లాడేవాడు. సంస్థ బోర్డుకు ఆయనే నచ్చాడు. ఆ పేరు రాస్తే వాళ్ల పనులన్నీ మాకే, రాయకపోతే మా ఆఫీసుకు తాళమే. ఆరో నిమిషంలో ఆయన బయటికొచ్చి, "మీ ఏసీ బాగా శబ్దం చేస్తోంది, చూపించండి" అన్నాడు. ఆ గదిలో ఏసీ లేదు.

రెండో అభ్యర్థి వసుంధర గారు ఇరవై నిమిషాలు దాటినా రాలేదు. తలుపు సందులోంచి చూశాను. లైటు ఆర్పేసి, మూలన నిలబడి, తల పైకెత్తి ఉన్నారు. పైన ఊపిరితో పాటే ఆవిడ భుజాలూ లేస్తున్నాయి, దిగుతున్నాయి. వెనక్కి తిరగకుండానే అన్నారు:

"తలుపు మెల్లగ వెయ్యండి. పిల్లలు ఆకలి మీదున్నరు."

"ఎవరి పిల్లలండీ?"

"గుడ్లగూబవి. ఆకలైతే గిట్లనే గురక పెడ్తయ్. మూడున్నట్టున్నయ్."

బయట మేస్త్రీ అప్పటికే సిమెంటు కలుపుతున్నాడు. పరుగెత్తి ఆపించి, మేడమ్ ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను.

"ఏముందో చూడకముందే మూసేస్తరా ఎవరన్న?" అన్నారు. బోర్డుకు పంపే ఉత్తరంలో వసుంధర గారి పేరు రాశారు. "నీతోటి ముగ్గురు విన్నరు. ఆమె ఒక్కతే తలెత్తి చూసింది."

"బోర్డు కాదంటే, మేడమ్?"

"తాళం నీకే ఇస్త, వేద్దువు."

బోర్డు చాలా రోజులు పలకలేదు. ఈలోగా ఒక సాయంత్రం నుంచి పైన గురక ఆగిపోయింది. ఎగిరిపోయాయన్నారు మేడమ్. అవి వెళ్లడం మేమిద్దరం చూడలేదు. ఇప్పటికీ దేన్నయినా మూయబోయే ముందు ఒక్క క్షణం ఆగి వింటాను. సాధారణంగా ఏమీ వినపడదు, అదే ఎక్కువ భయం.

చివరికి బోర్డు ఒప్పుకుంది. వసుంధర గారికి పాత ఉద్యోగంలో నోటీసు పీరియడ్ మూడు నెలలు. అంతదాకా ప్రపంచంలోని గుడ్లగూబలు అధిపతి లేకుండానే గడిపాయి.