నలభై ఒకటో నంబరు

ముప్పై నాలుగేళ్ళుగా ఒక ఉత్తరం నా దగ్గరుంది. అది నాకు రాసింది కాదు. కవరు మీద కేరాఫ్ అన్నచోట నా పేరుంది, అంతే. ఇన్నేళ్ళలో నాలుగిళ్ళు మారాను. ప్రతిసారీ సామాను కూలీలు మోశారు. ఆ ఉత్తరం దాచిన నిఘంటువును మాత్రం నేనే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఒక కాగితం ఎంత బరువుంటుంది? ఇలా అడుగుతుంటేనే నా మీద నాకు విసుగొస్తోంది. ఇటువంటి వాక్యాలు రాసి అసలు సంగతి దాటెయ్యడం నాకు బాగా అలవాటు. ఈసారి దాటెయ్యను.

ఉత్తరం నా స్నేహితుడు దేవదానానిది. వాడు నాలుగు నెలల కిందట కుప్పంలో గుండె ఆగి పోయాడు. అది వచ్చిందని వాడికి తెలియదు. రాలేదని నేనే చెప్పాను.

మేమిద్దరం మదనపల్లెలో డిగ్రీ చదివాం. నేను పుంగనూరు నుంచి రోజూ బస్సులో పోయేవాణ్ణి. వాడు అక్కడే మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ రోజుల్లో ఒక విదేశీ డాక్టరు కుటుంబం తమ దేశానికి తిరిగిపోతూ ఇంటి సామానంతా వరండాలో పరిచి కావలసినవాళ్ళను తీసుకోమంది. అందరూ గిన్నెలూ కుర్చీలూ తెచ్చుకుంటే దేవదానం ఒక క్యాసెట్టు, ఒక ఫోటోల పుస్తకం తెచ్చుకున్నాడు. రెండూ ఇంగ్లండులోని ఒక రాక్ బ్యాండువి. నలుగురు మనుషులు, నలుగురికీ జుట్టు భుజాల దాకా. బ్యాండు పేరు ఇక్కడ రాయను. అది మీకెలాగూ తెలుస్తుంది, కానీ ఇక్కడే రాస్తే మీరు వాళ్ళ పాటలు వెతుక్కుంటూ పోతారు, నేను చేసింది పక్కకు పోతుంది.

వాడికి వాళ్ళంటే పిచ్చి పట్టింది. వాణ్ణి చూసి నాకూ కొంత పట్టింది. కానీ నాకు పాటల కంటే వాటి గురించి మాట్లాడటం ఇష్టం. వాడికి వినడం ఇష్టం. ఈ తేడా అప్పుడే కనిపెట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. దేవదానం వాళ్ళమ్మకు ప్రార్థన పుస్తకం ఉండేది. ఆ కాంపౌండులో చాలా ఇళ్ళల్లో ఉండేది. ఎడమ పేజీలో దేవుణ్ణి అడిగినవి నంబరు వేసి రాస్తారు. కుడి పేజీలో, దానికి ఎదురుగా, జవాబు దొరికినప్పుడు ఆ సంగతి రాస్తారు. దొరకనివాటిని కొట్టెయ్యరు. ఏటా జనవరి ఒకటిన, చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, వాటిని కొత్త పుస్తకంలోకి అదే నంబరుతో ఎక్కిస్తారు. దేవదానం తన బ్యాండు సామానుకు ఇదే పద్ధతి పెట్టుకున్నాడు. ఎడమవైపు కావలసిన పుస్తకం, పోస్టరు, పత్రిక. కుడివైపు అది ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు. కాలేజీ పిల్లలు వాడే పొడుగు పుస్తకం, గోధుమరంగు అట్ట. నేను ఎగతాళి చేసేవాణ్ణి. వాడు పట్టించుకునేవాడు కాదు.

డిగ్రీ రెండో ఏడాదిలో నలభై ఒకటో నంబరు కింద రాశాడు: "వాళ్ళకు మనం రాసే ఉత్తరానికి జవాబు." ఉత్తరం ఇంకా రాయనే లేదు.

రాసింది నేను. వాడి ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను ఎనిమిది రోజులు కూర్చుని, చదివిన పుస్తకాలన్నీ గుర్తుచేసుకుని, రెండు పేజీల ఉత్తరం తయారుచేశాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఒక్క మాట కూడా నాది కాదు. అప్పుడు మాత్రం అది పూర్తిగా నాదే అనుకున్నాను. సంతకం వాడిది, ఎందుకంటే స్టాంపుల డబ్బు వాడిది. చిరునామా మాది, ఎందుకంటే వాళ్ళ నాన్న ఇంటికి వచ్చే ప్రతి కవరూ విప్పేవాడు. అంతకు ముందు వాడి దగ్గర ఇంకో క్యాసెట్టు దొరికితే దాన్ని ఆసుపత్రి బాయిలరులో వేసినవాడు ఆయన. కవరు మూసే ముందు దేవదానం కలం అడిగి, కింద మిగిలిన జాగాలో తన ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు చేర్చాడు. మా చర్చి హార్మోనియంలో ఒక మెట్టు ముట్టుకోకపోయినా మోగుతూనే ఉంటుంది. మీ క్యాసెట్టులో చివరి పాటలో కూడా మొదటినుంచి చివరిదాకా ఒకే స్వరం మోగుతుంది. అందుకని ఆ పాట మా హార్మోనియం మీద బాగా కుదురుతుంది, ఎవరూ లేనప్పుడు వాయిస్తాను. ఇదీ సంగతి. అందులో మూడు తప్పులున్నాయి. దిద్దుతానన్నాను. "ఉండనీప్పా, వాళ్ళకు తెలుస్తాదిలే" అన్నాడు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. పుంగనూరులో మా ఇంటికి, మధ్యాహ్నం. సగం పేజీ టైపు చేసిన ఉత్తరం, అభిమానులందరికీ పంపేది. దాని కింద, నీలి సిరాతో, చేత్తో రాసిన ఏడు లైన్లు. బ్యాండులో ఆర్గన్ వాయించే ఆయన రాశాడు. ఆ పాటలో మోగే స్వరం కోసం ఒక మెట్టు నొక్కి, అది లేవకుండా పక్కన అగ్గిపుల్ల దూర్చి పెట్టామని రాశాడు. మీ హార్మోనియంలో మోగే మెట్టు ఏది, దయచేసి చెప్పండి, నాకు తెలుసుకోవాలని ఉంది అని రాశాడు. నా రెండు పేజీల గురించి ఒక్క ముక్క లేదు.

మొదట నన్ను నేను నమ్మించుకున్నది వేరు. వాళ్ళ నాన్న చూస్తే గొడవవుతుంది, కొన్నాళ్ళాగి ఇద్దామని. అది అబద్ధం. తర్వాత అనుకున్నది, ఉత్తరం రాసింది నేను కాబట్టి జవాబు మీద నాకూ హక్కుందని. అదీ అబద్ధమే. ఎనిమిది రోజులు కూర్చున్నవాణ్ణి వదిలేసి, తప్పుల ఇంగ్లీషులో హార్మోనియం గురించి రాసినవాడికి ఆయన జవాబిచ్చాడు. అందుకు దాచాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చాలా ఏళ్ళు వెతికాను. లేదు.

దాచడం ఒక ఎత్తు. మరుసటి రోజు జరిగింది ఇంకో ఎత్తు. మదనపల్లె బస్టాండులో దిగేసరికి వాడు టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఉత్తరం నా సంచిలోనే ఉంది. ఇద్దామనే తెచ్చానా? ఏమో. తెచ్చిన మాట నిజం.

"ఏమప్పా, వచ్చిందా?"

"రాలేదు."

"పోస్టుమ్యాను మీ ఇల్లు మర్సిపోయినాడేమో. అడిగినావా?"

"అడిగినా. లండన్లో వాళ్ళకు పనీపాటా లేదా, మీకు రాస్తా కూసునేదానికి అన్నాడు."

వాడు నవ్వాడు. "వాళ్ళ పనే పాట కదప్పా. యాడో ఊర్లు తిరుగుతాంటారు. ఇంటికొచ్చినాక రాస్తారు. నువ్వు రాసిన ఇంగ్లీషు సూస్తే రాయకుండా యాల ఉంటారు?"

నన్ను మెచ్చుకున్నాడు. అదే నాకు మంటెత్తించింది.

"నా ఇంగ్లీషు సూసింటే రాసేవాళ్ళే. కింద నీ హార్మోనియం కత సదివి నవ్వి పారేసింటారు."

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. 

"అది రాయకుండా ఉండాల్సింది కదా?"

"ఔ."

"సర్లేప్పా. ఇంగ రాయన్లే."

ఇదే నేను చేసిన తప్పు. ఉత్తరం దాచడం దొంగతనం, ఎప్పుడైనా తిరిగి ఇచ్చెయ్యొచ్చు. ఆ "ఔ" అన్నదాన్ని ఎలా తిరిగి తీసుకోవాలి? అప్పట్లో ఒక్కో పాట వింటే తనకేమనిపించిందో వాడు ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు, తెలుగులో. నాకు చదివి వినిపించేవాడు. ఆ రోజు తర్వాత వినిపించలేదు. సొంతంగా రాయడం మానేసి, ఇతరులు రాసినవి పోగుచెయ్యడం మొదలుపెట్టాడు.

ఎంతగా పోగుచేశాడంటే, చూసినవాళ్ళకు నవ్వొచ్చేది. వాడికి రైల్వేలో ఉద్యోగం వచ్చి కుప్పంలో స్థిరపడ్డాడు. సెలవు దొరికితే ప్యాసింజరు ఎక్కి బెంగళూరు పోయి, ఫుట్‌పాత్ పుస్తకాల్లో చేతులు మసి చేసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఆ బ్యాండు మీద వచ్చిన పుస్తకాలు, ఒకే పుస్తకం మూడు ముద్రణలు, పత్రికలు, రేకు బ్యాడ్జీలు, తను పోని కచేరీల చిరిగిన టికెట్లు. ఒకసారి ఆ నలుగురి బొమ్మలున్న టీ కప్పు కొన్నాడు, చెవి విరిగింది. అన్నిటికీ గోధుమరంగు అట్ట, నంబరు, పేజీల మధ్య ఎండు వేపాకు. పుస్తకం చేతికిచ్చే ముందు మన చేతులు చూసేవాడు. నేను పుంగనూరులో ఇంగ్లీషు లెక్చరర్‌ని, నా చేతులూ చూసేవాడు.

వీటన్నిటినీ భరించవచ్చు. భరించలేనిది జనవరి ఒకటి. ఏటా మధ్యాహ్నం ఫోను. కుటుంబం బాగోగులు అడిగి, చివర్లో అదే మాట. "ఆ నలభై ఒకటి కొత్త పుస్తకంలో ఎక్కించినానప్పా." ఏటా. ముప్పై సార్లు పైన. ఒకసారి విసుక్కున్నాను, వదిలెయ్యరా, పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టినారు, ఇంకా దేనికని. "అడిగింది కొట్టెయ్యకూడదప్పా, మాయమ్మ సెప్పేది" అన్నాడు. ఆర్గన్ వాయించే ఆయన చనిపోయిన ఏడు, పోనీ ఇప్పుడైనా ఆపుతాడనుకున్నాను. "మిగతావాళ్ళు ముగ్గురుండారు కదా" అన్నాడు. నా తప్పు తెలిసి పొడుస్తున్నాడేమోనని అనుమానం కూడా వచ్చింది. కలిసినప్పుడు వాడి మొహం చూస్తే అలాంటిదేమీ లేదు. తెలిసి పొడిచినా నాకు సుఖంగా ఉండేది.

ఎందుకు చెప్పలేదు? వాడు క్షమించడని కాదు. వెంటనే క్షమిస్తాడని. నవ్వి, ఉత్తరం తీసుకుని, కుడి పేజీలో రాసుకుని, దానికీ గోధుమరంగు అట్ట వేస్తాడని. నాకది నచ్చలేదు. క్షమించడంలో కూడా వాడు నాకంటే ముందుంటాడా అనుకున్నాను. ఇంత చిన్న బుద్ధితో ఇన్ని పుస్తకాలు చదివాను.

వాడు పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. దేవదానానికి ఇంగ్లీషు నేర్పిన స్నేహితుడని పరిచయం చేశారు. రెండు మాటలూ చెప్పి కూర్చున్నాను.

పోయిన వారం వాడి భార్య సలోమి పిలిస్తే కుప్పం వెళ్ళాను. ఆ సామానంతా వాళ్ళ చర్చి పక్కన పెడుతున్న చదువుకునే గదికి ఇచ్చేస్తోంది. గదికి వచ్చేవాళ్ళ కోసం ఇవన్నీ ఎలా పోగయ్యాయో నాలుగు పేజీలు నన్ను రాయమంది. చివరి పొడుగు పుస్తకం నా ముందు పెట్టింది. కుడి పేజీలన్నీ నిండి ఉన్నాయి, ఒక్కచోట తప్ప.

"ఇదొకటి మిగిలిపాయన్నా. ఆయనే లేకపాయ. కొట్టేద్దామా?"

 ముప్పై నాలుగేళ్ళలో ఎవరినీ అడగనిది, అడిగితే నా నోటితో నేనే బయటపడతానని భయపడి దాటేసింది, ఆ పూట అడిగాను. మదనపల్లె చర్చిలో పాత హార్మోనియం ఉండేది, దాంట్లో ఒక మెట్టు దానంతటదే మోగేది, అది ఏ మెట్టో ఎవరికైనా గుర్తుందా అని.

సలోమి నవ్వింది. ఆమె చిన్నప్పుడు అక్కడే పాటల బృందంలో ఉండేది. "ఎడమసేతి దిక్కు నుంచి మూడో నల్ల మెట్టు. ఎండాకాలమైతే మరీ మోగేది. అయ్యగారు ప్రార్థన సేస్తాంటే ఎనకాల అదొకటి గుయ్యిమని. దానికి కాగితం మడిసి పెట్టేది మీ స్నేహితుడే." తర్వాత ఎందుకని అడిగింది, "యాల అన్నా, ఇప్పుడు గుర్తొచ్చింది?"

"ఊరికేమ్మా" అన్నాను.

చూశారా? వాడు పోయాక కూడా. ఉత్తరం అప్పుడూ నా సంచిలోనే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఒక మనిషి దయచేసి అని రాసి ఎదురుచూసి పోయాడు. జవాబు ఇంకొక మనిషి దగ్గర ఉండింది. ఇద్దరి మధ్యా నేనున్నాను. ఇప్పుడు ఇద్దరూ లేరు.

అడిగిన నాలుగు పేజీలు ఇవే. గదికి వచ్చి ఆ పొడుగు పుస్తకం తెరిచే మీ కోసం రాశాను. మీ కంటే ముందు సలోమి చదువుతుంది. ఏమంటుందో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. ఇవి పక్కన పెట్టి ఇంకెవరినైనా రాయమనవచ్చు, అది ఆమె ఇష్టం. రేపు పొద్దున పలమనేరు మీదుగా కుప్పం బస్సు ఎక్కుతున్నాను. పొడుగు పుస్తకం తెచ్చుకున్నాను కాబట్టి తిరిగి ఇవ్వక తప్పదు. ఉత్తరం నలభై ఒకటో నంబరు పేజీలో పెట్టాను. అట్ట వెయ్యలేదు. అది వాడి పని.

కుడివైపు నా చేతిరాతతో నింపాను. తేదీ కవరు మీది ముద్ర చూసి వేశాను. "వచ్చింది. పుంగనూరులో నేను దాచాను" అని రాసి కింద పేరు పెట్టాను. దాని కింద ఇంకొంచెం జాగా మిగిలింది. ఆర్గన్ వాయించే ఆయన అడిగినదానికి జవాబు అక్కడ రాశాను: ఎడమ నుంచి మూడో నల్ల మెట్టు.