గట్టమ్మ కట్టిన రాళ్ల గుడిసెలు

బయ్యారం దగ్గర గుట్టల అంచున గొర్రెలు మేపుకొని బతికే గట్టమ్మకు 1970 వానాకాలంలో ఒక పంతం పుట్టింది. నాలుగు చినుకులు పడితే చాలు, ఆమె భర్త వీరస్వామి మందను వదిలేసి, గొంగడి కప్పుకొని ఇంటికి పరుగెత్తేవాడు. గుట్ట మీదే ఒక గూడు ఉంటే ఈ మనిషి అక్కడే నిలుస్తాడని ఆమె ఆలోచన. మట్టీ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గుడిసె కట్టడం ఆమె తండ్రికి తెలుసు. ఆయన కడుతుంటే చూడడమే తప్ప, తానెన్నడూ చెయ్యి పెట్టలేదు.

మొదటి గుడిసె నడుమెత్తు లేచి, నాలుగో రోజు కుప్పకూలింది. వీరస్వామి పడీపడీ నవ్వాడు.

"నీ మేడ మంచిగుందే!"

గట్టమ్మ కూలకుండా మిగిలిన గోడ ముందు కూర్చొని చాలాసేపు చూసింది. రాళ్ల అతుకులన్నీ ఒకే గీతలో నిలువుగా వచ్చాయి. ఈసారి రెండు రాళ్ల అతుకు మీద మూడో రాయి పెట్టింది. గుండ్రంగా పేరుస్తూ, ఒక్కో వరుసనూ కాస్త లోపలికి జరుపుతూ వెళ్లి, పైన పెద్ద బండతో మూసింది. ఆ బండ ఎత్తడానికి వీరస్వామే భుజం పట్టాడు.

గుడిసె ఎంత వెచ్చగా కుదిరిందంటే, మొదటి వానకే అతను లోపల గురకపెట్టి నిద్రపోయాడు. గొర్రెలు గుట్ట దిగి, కింద సాగు చేసుకునే నిజాముద్దీన్ జొన్నచేనులో పడ్డాయి. నిజాముద్దీన్ కర్రతో గుట్టెక్కేసరికి, సద్దిమూటతో గట్టమ్మ కూడా అప్పుడే చేరింది.

"ఏందక్కా గిది? నీ గొర్లు నా చేనంత బుక్కినయి!"

"తప్పు మాదేనన్నా. తడుస్తున్నవ్, జర లోపలికి రా."

లోపల చుక్క నీరు కారడం లేదు. నిజాముద్దీన్ తలెత్తి కప్పు చూశాడు. కర్ర పక్కన పెట్టి గోడ తడిమాడు.

"ఎవలు కట్టిన్రు?"

"నేనే."

"అడివిపందుల కావలికి పరేషానైతున్న. నా చేన్ల గిసొంటిదే ఒకటి కట్టు. చేను మేసినందుకు గదే నీకు జుర్మానా."

గట్టమ్మ మొహం వెలిగిపోయింది. తన పనిని ఒకరు కోరి అడగడం ఆమెకు అదే మొదలు. మందను మరిదికి అప్పగించి, తొమ్మిది రోజుల్లో కట్టేసింది. నిజాముద్దీన్ పొడగరి కాబట్టి వాకిలి జానెడు ఎత్తు పెంచింది. అతని భార్య తాహెరా రోజూ రొట్టెలు తెచ్చి, తానూ కొంగు నడుముకు చుట్టి రాళ్లందించింది.

ఆ గుడిసెను చూసి గార్ల వైపు రైతులు కూడా కబురు పెట్టారు. పదేళ్లలో ఆమె ఇరవైకి పైగా కట్టింది. రాళ్లు మోయడానికి వీరస్వామి వెంట వెళ్లేవాడు. వెళ్లిన ప్రతిచోటా గోడ తట్టి గొప్పలు పోయేవాడు.

"మా ఆమె కడితే ఏనుగెక్కినా కదలది!"

"ఏనుగును ఎన్నడన్న జూసినవా నువ్వు? ఆ రాయి ఇటియ్యి" అనేది గట్టమ్మ.