గౌసన్న భయం

చనిపోయే ముందురోజు కూడా గౌస్ మొహిద్దీన్ సాయంత్రం అన్నపూర్ణమ్మ దోసెలంగడికి వచ్చి, గోడమీది పెట్టెకు టార్చి సెల్లు మార్చి, కారందోసె తిని సైకిలెక్కాడు. ప్రొద్దుటూరులో వైరింగు పని చేస్తూ కరెంటంటే భయపడేవాడు ఆయనొక్కడే. ఆ సంగతి ఊరంతా చాటింది కూడా ఆయనే.

కరెంటు వచ్చిన కొత్తలో అన్నపూర్ణమ్మ పిండిచేత్తో స్విచ్చి వేసి షాకు తిన్నది. మళ్ళీ దాని దగ్గరికి పోలేదు. తినవచ్చినవాళ్ళు నవ్వారు. స్విచ్చి ముట్టలేనిదానివి అంగడేం నడుపుతావు, మూసేసి సొంతూరు దువ్వూరు పోదామన్నాడు మొగుడు వెంకటరమణయ్య.

అప్పుడే గౌసన్న అందరి ముందూ అన్నాడు: "నాకూ భయమేనప్పా. కరెంటుతో మనిషి నేరుగా పెట్టుకోగూడదు. నడిమి ఒక పెద్దమనిషి ఉండాల."

ఆ పెద్దమనిషే ఆయన చేసి గోడకు బిగించిన పెట్టె. లోపల తీగచుట్టిన ఇనుపముక్క. కింద మీట వేస్తే టార్చి సెల్లు దాన్ని అయస్కాంతం చేస్తాయి. అది టక్కున రేకును లాగుతుంది, రేకు అసలు కరెంటును కలుపుతుంది, బల్బు వెలుగుతుంది. చేతి దగ్గరుండేది టార్చిలైటు పాటి కరెంటే.

అంగడి మూతపడకుండా నిలిచింది. నవ్వులు గౌసన్న మీదికి మళ్ళాయి. ఎక్కడో డ్యాము దగ్గర పుట్టిన కరెంటు, సెల్లు అయిపోతే గోడ దగ్గరే కాచుకునేది. చీకట్లో దోసె తడుముకుంటూ బట్టలంగడి యోగానంద అడిగేవాడు: "బల్బుకు టార్చి కావాల. టార్చికేం కావాల మామా, సీమనూనె బుడ్డా?"

జమ్మలమడుగులో ఆయన ఇట్లాంటి పెట్టెతోనే లైట్లు పెట్టిన ఒక పెండ్లిలో తాళి కట్టే వేళకు సెల్లు చచ్చాయి. గౌసన్న మగపెండ్లివారి టార్చిలన్నీ విప్పించి సెల్లు పెట్టాడు. పందిరి ధగధగలాడింది. వియ్యంకులు మాత్రం ఖాళీ టార్చిలు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని విడిదికి పోయారు.

అన్నపూర్ణమ్మకు ఆయనంటే జాలి. దోసె మీద ఇంకో దోసె వేసి ధైర్యం చెప్పేది: "మగోనివి, అంత భయపడితే ఎట్ల గౌసన్నా? నన్ను జూడు."

"నీ అంత గుండె నాకు యాడిదిలేమ్మా," అని ఆయన రెండో దోసె కూడా తినేవాడు.

ఆయన పోయాక అన్నపూర్ణమ్మ పలకరించడానికి ఇంటికి వెళ్ళింది. పొద్దు గూకుతుంటే భార్య జైబున్నీసా లేచి, గోడమీది మామూలు స్విచ్చి వేసింది. అన్నపూర్ణమ్మ గోడలన్నీ వెతికింది.

"పెట్టె యాడ వదినా?"

"మా ఇంట్లో ఎందుకుంటాది? కరెంటున్న తీగలు పండ్లతో కొరికే మనిషికి భయమేంది? నీ అంగట్లో ఒకపారి భయమన్న్యాడు గదా, ఇంగ ఊరంతా దాన్ని నిలబెట్టుకోవాల్సొచ్చె."