చూడకముందే రాసిన దీవి

ఆ రోజుల్లో మాకు పేపర్లో పేరు పడటమంటే పెళ్లి కుదిరినంత సంబరం. కరీంనగర్ డెస్కులో చేరి ఏడాదైనా నా పేరు ఎక్కడా అచ్చు కాలేదు. అప్పుడే దుబాయి నుంచి సెలవు మీద లక్సెట్టిపేట వచ్చిన మా బావ, అక్కనూ నన్నూ అండమాన్ తీసుకుపోతానన్నాడు. మా ఆదివారం పేజీ ఇన్‌చార్జి (అందరం పెద్దన్న అనేవాళ్లం) వెంటనే పని అప్పగించాడు. "ఆడ నెట్ సక్కగ రాదట. అండమాన్ యాత్ర మీద ఐటం ఇప్పుడే రాసిచ్చి పో. పేజీ బుధవారం సాయంత్రం కడతం. తేడా ఏమన్న ఉంటే ఆలోపల ఫోన్ చెయ్. అచ్చయినంక అబద్ధమని తేలిందో, మల్ల నీ పేరు పడదు."

రెండు పుస్తకాలు ముందేసుకుని రాసేశాను. ఆ రాసిన దాంట్లో నేను మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం ముందు అరగంట కదలకుండా నిలబడ్డాను. నలభై ఏళ్లుగా కొయ్య చెక్కుతున్న ముసలాయన దగ్గర తాబేలు బొమ్మ కొన్నాను. నా తల మీదుగా సముద్రపు గద్ద చక్కర్లు కొట్టింది. (ఇంత బాగా రాసింది నేనేనా అని రెండుసార్లు చదువుకున్నాను కూడా.) విమానం దిగాక గానీ తెలిసిరాలేదు, ఇప్పుడివన్నీ జరగాలని. చేతిలో ఉన్నవి మూడు రోజులు.

సోమవారం మ్యూజియానికి సెలవు. బజారుకు పోయాం. అక్క గవ్వల దీపాలు, ముత్యాల దండలు తీరిగ్గా చూస్తుంటే, నేను ప్రతి దుకాణంలోకీ తొంగిచూసి బయటపడుతున్నాను.

"ఏం బామ్మర్దీ, గిన్ని తాబేళ్లల్ల ఒక్కటి నచ్చలేదా?" అన్నాడు బావ.

"ముసలాయన చేసింది కావాలె బావా."

"పోరడు చేస్తే తాబేలు నడవదా?"

ఏడో దుకాణంలో తెల్లజుట్టు మనిషి దొరికాడు. ఎన్నేళ్లుగా చెక్కుతున్నారని హిందీలో అడిగితే ఎనిమిదేళ్లన్నాడు. అంతకుముందు పడవ నడిపేవాడట. "చిన్నప్పుడైనా ఏదో ఒకటి చెక్కి ఉంటారు కదా" అని బతిమాలాను. ఆయన నా వైపు కాక బావ వైపు జాలిగా చూశాడు. అయినా తాబేలు ఆయన దగ్గరే కొన్నాను.

మంగళవారం పడవెక్కి పక్కనున్న చిన్న దీవికి వెళ్లాం. గద్ద కోసం పొద్దంతా ఆకాశం చూస్తూ తిరిగాను. కాకులు కనిపించాయి, చిలుకలు కనిపించాయి. తిరుగు పడవలో బావ అక్కతో అంటున్నాడు. "నీ తమ్మునికి మెడ పట్టినట్టున్నది. కాళ్ల కాడికి దుప్పి వచ్చి, చెప్పులు వాసన చూసి పోయింది. ఈయన పైకే చూస్తుండు."

బుధవారం పొద్దున మ్యూజియం తలుపులు తీయగానే లోపలికి దూరాను. తొమ్మిది పదికి తిమింగలం ముందు నిలబడ్డాను. రాసింది అరగంట కాబట్టి తొమ్మిది నలభై దాకా కదలడానికి లేదు. అయిదు నిమిషాలకే కాలు గుంజింది. పదిహేను నిమిషాలకు బావ వచ్చి భుజం తట్టాడు. "నడువురా, అది ఇంక లేవదు."

సాయంత్రం డెస్కుకు ఫోన్ చేశాను. "పెద్దన్నా, నలభై ఏళ్లు కాదు, ఎనిమిది."

"సరే, దిద్దుతా."

"గద్ద రాలే."

"హెడ్డింగే గద్ద మీద పెట్టిన గదరా. నువ్వు వచ్చే లోపల వస్తదేమో. ఉంచాల్నా?"

ఉంచమందామని నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధమని తేలితే మళ్లీ పడదన్న నా పేరు కళ్ల ముందు మెదిలింది. "తీసెయ్యన్నా" అన్నాను.

"మరి హెడ్డింగుకు ఏం పెట్టాలె? తిమింగలమన్న చూసినవా?"

"అరగంట చూసిన."

"ఎట్లున్నది?"

నాకు గుర్తుకొస్తున్నదల్లా చేతి గడియారంలో నిమిషాల ముల్లే. "దుప్పి ఒకటి వచ్చిందన్నా, కాళ్ల దగ్గరికి. నేను చూడలే, బావ చూసిండు" అన్నాను చివరికి.

అటువైపు నుంచి నవ్వు వినబడింది. "గది చెప్పు."

ఆదివారం నేను చూడని దుప్పి హెడ్డింగులో, నా పేరు దాని కింద అచ్చయ్యాయి. బావ పది కాపీలు కొని లక్సెట్టిపేటలో పంచాడు, "ఐటం నాది, పేరు మా బామ్మర్దిది" అంటూ.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, చూశాకే రాశాను. అప్పటి నాలోని ఆ పోరడు ఇప్పుడెక్కడైనా ఎదురైతే తిట్టను. చేతి గడియారం అడిగి తీసుకుని, తిమింగలం దగ్గరికి మళ్లీ ఒకసారి పంపిస్తాను.