ఆఫ్ చేసినా ఆరని ట్యూబ్‌లైటు

ఆఫ్ చేసిన లైటు మినుకుమంటోంది, ఇంట్లో ఏదో ఉందంటూ నన్ను పిలిచినవాళ్లు చాలామంది. దెయ్యం కాదు, వైరింగులో తప్పంటూ నవ్వేవాణ్ణి. కరెంటు తెచ్చే ఫేజు వైరు స్విచ్‌లోంచి పోవాలి. పొరపాటున దాని బదులు న్యూట్రల్ వైరు స్విచ్‌కి ఇస్తే, స్విచ్ ఆపినా కరెంటు లైటు దాకా వచ్చి కూర్చుంటుంది. చోక్, స్టార్టరు ఉన్న పాత ట్యూబ్‌లైటులో ఇది బయటపడదు. ఎల్‌ఈడీ అయితే పల్చగా వెలిగి పట్టిచ్చేస్తుంది.

పామర్రులో రత్నమ్మ టీచరుగారింట్లో చాలా ఏళ్ల క్రితం ఆ తప్పు నేనే చేశాను. మా మేస్త్రీ మస్తాన్ కింద నుంచి అడిగాడు.

"టెస్టర్ పెట్టావా తమ్ముడూ?"

"పెట్టానన్నా."

పెట్టలేదు.

క్రిస్మస్ ముందు ఇల్లు దులుపుతూ టీచరుగారు స్విచ్ ఆపి, తడిగుడ్డతో ఆ లైటు తుడిచారు. షాక్ కొట్టి బల్ల మీంచి పడ్డారు. తుంటి విరిగింది.

కబురు విని ముందు నేనే వెళ్లాను. ఎవరూ చూడకుండా వైర్లు మార్చేశాను. తర్వాత వచ్చిన మస్తాన్ టెస్టర్ పెట్టి, తప్పేమిటో కనపడక అలాగే నిలబడిపోయాడు. పని ఒప్పుకున్నది అతను, నింద అతని మీదే పడింది. ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవలేదు. విజయవాడ వన్ టౌన్‌లో తోపుడుబండి తోసుకుంటూ బతికి, పోయినేడు చనిపోయాడు.

ఈ వానాకాలం ఎల్‌ఈడీ పెట్టమని టీచరుగారు పిలిచారు. మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. కిటికీ అవతల వరిచేలు నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. చోక్, స్టార్టరు తీసేసి కొత్త ట్యూబు బిగించాను. స్విచ్ ఆపాను. ఆరలేదు. పలచటి పాల వెలుగులో గదంతా నీటి అడుగున ఉన్నట్టుంది.

టెస్టర్ పెట్టాను. కనెక్షన్ సరిగ్గానే ఉంది. మెయిన్ ఆపాను. ట్యూబు ఊడదీసి చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా ఉంది, వెలుగుతూనే ఉంది. ఆపాక కొన్ని క్షణాలు వెలగడం మామూలే. ఇది టీచరుగారు చేతికర్రతో వంటింట్లోకి నడిచి, టీ కాచి తెచ్చేదాకా వెలిగింది.

"ఏమయ్యా సుబ్బారావూ, ఇదీ మస్తాన్ ఘనకార్యమేనా?" అన్నారు నవ్వుతూ.

ఇన్నేళ్లూ ఆ మాటకు తలూపినవాణ్ణే.

"కాదండీ. ఆ రోజు కనెక్షన్ ఇచ్చింది నేను. తర్వాత వైర్లు మార్చేసిందీ నేనే."

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"అతను ఆస్పత్రికొచ్చి నా మంచం పక్కన ఏడ్చాడయ్యా. నేను మొహం తిప్పుకున్నాను."

కిందికి చూస్తే నా చేతుల్లో ట్యూబు ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో తెలియదు.

దాన్నే మళ్లీ బిగించాను. ఇప్పుడు మామూలుగానే వెలుగుతోంది, ఆరుతోంది. మస్తాన్ భార్య దగ్గరికెళ్లి చదివి వినిపించాలని ఇదంతా రాశాను.

ఆ ట్యూబు ఎందుకు వెలిగిందో నాకిప్పటికీ తెలియదు. టీచరుగారికి షాక్ ఎందుకు కొట్టిందో మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు.