అద్దం మేస్త్రి గరుకు పని

అతన్ని అందరూ అద్దం మేస్త్రి అనేవారు. తాపీ పట్టాడంటే గచ్చులో మొహం చూసుకోవాల్సిందే. పొగిడితే మునగచెట్టెక్కుతాడు, అదొక్కటే లోపం.

అక్క మొగుడంటే మేస్త్రికి ప్రాణం. ఆ బావకి ప్రమాదంలో నడుము కిందంతా చచ్చుబడి, చక్రాల కుర్చీయే గతి అయింది. పార్కులో స్నేహితులతో చదరంగం ఆడే అరుగుకేమో మెట్లున్నాయి. కొన్నాళ్లు వాళ్లే కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టేవారు. ఒకరోజు ఎవరో బరువు పెరిగావయ్యా అని నవ్వారు. మాట చిన్నదే, తగలరాని చోట తగిలింది. బావ పార్కు మానేశాడు, మాటలూ తగ్గించేశాడు. గోడకేసి చూస్తూ కూర్చునే మొగుణ్ణి చూడలేక అక్క ఒకరోజు తమ్ముణ్ణి పట్టుకుంది.

"ఊళ్లో అందరి ఇళ్లూ కడతావు. మీ బావకి ఒక్క దారి కట్టలేవురా?"

మేస్త్రి ఆగుతాడా! పార్కు కమిటీవాళ్ల వెంటపడి ఒప్పించి, మెట్ల పక్కనే వాలుదారి కట్టాడు. బావ కోసం కదా అని తన పనితనమంతా దానిమీదే చూపించాడు. సిమెంటు పాలు పోసి, రుద్ది రుద్ది నున్నగా తేల్చాడు. చూసినవాళ్లు ఔరా అన్నారు.

బావ వచ్చిన పొద్దున సన్నగా చినుకులు పడ్డాయి. కుర్చీ సగం దూరం ఎక్కింది. అక్కడ చక్రాలు పట్టు తప్పి, జర్రున వెనక్కి జారి గడ్డిలోకి పోయింది. దెబ్బేం తగల్లేదు గానీ అంతమందిలో తల కొట్టేసినట్టయింది. "ఇంటికి తీసుకెళ్లు. మళ్లీ ఇక్కడికి రమ్మని అడగొద్దు," అన్నాడు బావ మేస్త్రితో.

ఆ పూటంతా మేస్త్రి తనని తనే తిట్టుకున్నాడు. నున్నటి నేలమీద తడి చక్రం ఎలా నిలుస్తుంది, తన బుద్ధి గడ్డి తిన్నదా? మర్నాడు ఉలీ సుత్తీ పట్టుకుని వెళ్లాడు గానీ, తన పనిని తనే చెడగొట్టడానికి చెయ్యి రాలేదు. మొదటి దెబ్బకి కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత ఆగలేదు, అడ్డంగా గాట్లు పెడుతూ పైదాకా పోయాడు. మొటిమల మొహంలా ఉందన్నారు చూసినవాళ్లు. అంటే అననీ అనుకున్నాడు. బావ నిద్రలో ఉండగా అక్కనడిగి కుర్చీ తెచ్చి, దారినిండా నీళ్లు పోసి, తనే అందులో కూర్చున్నాడు. కాళ్లు కదపకుండా చేతులతోనే పైకెక్కాడు. భుజాలు లాగేశాయి, అరచేతులు మండిపోయాయి. బావ రోజూ ఇంత కష్టపడుతున్నాడా అని గుండె కలుక్కుమంది.

కుర్చీ తిరిగిచ్చేటప్పుడు, "తడిమీద నేనే ఎక్కి చూశాను బావా," అని కందిపోయిన అరచేతులు చాపాడు. బావ వాటిని చూసి, "పద," అన్నాడు.

వాలు దగ్గర మేస్త్రి చెయ్యి దానంతటదే కుర్చీ వెనక్కి పోయింది.

"చెయ్యి తియ్యరా," అన్నాడు బావ.

గరగరమంటూ ఒక్కడే ఎక్కాడు. అరుగుమీదికి చేరి, ఊపిరి తీసుకుని, కిందనున్న మేస్త్రికేసి చూశాడు.

"ఇన్నేళ్లలో ఇంత వికారమైన పని నువ్వు చెయ్యలేదురా బామ్మర్దీ. నాకు పనికొచ్చింది ఇదొక్కటే," అని పావులు సర్దుకోవడం మొదలుపెట్టాడు.